నెల్లూరు నుంచి అమెరికాకు అమ్మానాన్నల ప్రయాణం: పాస్‌పోర్టు మొదలు తిరుగు టికెట్టు దాకా

అమ్మానాన్నలను అమెరికా రప్పించుకోవాలనుకునే పిల్లలందరూ ముందుగా వీసా సంగతి అడుగుతారు. నన్నడిగితే వీసా రెండో మాట. వాళ్లు ఏ నెలలో బయలుదేరాలి, ఎన్నాళ్లు ఉండాలి అన్నది ముందు తేల్చుకోవాలి. అది కూడా మన సెలవులనో కోడలి ప్రసవాన్నో చూసుకుని కాక, వాళ్ల పొలం, వాళ్ల ఒళ్లు, వాళ్ల ఊరి పనులు చూసి తేల్చాలి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల వారిని దృష్టిలో పెట్టుకుని, మా ఇంట్లోనూ స్నేహితుల ఇళ్లలోనూ చూసినదాన్ని బట్టి వరుసగా రాస్తున్నాను. వీసా నియమాలు తరచూ మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు చేసే రోజున అధికారిక వెబ్‌సైటు చూడటం తప్పనిసరి.

మొదటి అడుగు: నెల ఎంచుకోవడం

సందర్శక వీసా మీద వచ్చినవారికి దిగిన విమానాశ్రయంలో సాధారణంగా ఆరు నెలల గడువు ఇస్తారు. ఇచ్చారు కదా అని ఆరు నెలలూ ఉంచేయడం చాలా ఇళ్లలో ఆనవాయితీ. అంత డబ్బు పోసి టికెట్టు కొన్నాం కదా అని దానికో లెక్క చెబుతారు. మూడు నెలలు దాటాక నాన్నలకు అక్కడ కాలు నిలవదు. తొలిసారి వచ్చేవారికి పది పన్నెండు వారాలు సరిపోతాయని నా అభిప్రాయం. మళ్లీ రావాలన్న కోరిక మిగిలి ఉండగానే వెనక్కి పంపాలి.

నెల్లూరు డెల్టాలో వరి పెద్ద పంట రబీ. కోతలు అయ్యి ధాన్యం అమ్ముడుపోయేసరికి మార్చి, ఏప్రిల్ అవుతుంది. ఎడగారు (రబీ తర్వాత వేసే రెండో పంట) వేయని రైతుకు అదే అనువైన సమయం. రోహిణి కార్తె ఎండలూ తప్పించుకోవచ్చు, అక్కడ చలీ ఉండదు. కొండపి, టంగుటూరు, పొదిలి వైపు పొగాకు రైతును మాత్రం వేలం నడుస్తుండగా కదిలించలేరు, ఆ మాట ఎత్తకపోవడమే మంచిది. రొయ్యల చెరువు ఉన్నవారు పట్టుబడి అయ్యాకే టికెట్టు కొనాలి.

రాకపోకలు రెండూ నవంబరు, డిసెంబరు నెలల్లో పడకుండా చూసుకోండి. 2021 నవంబరులో పెన్నా వరదకు నెల్లూరు దగ్గర పడుగుపాడు వద్ద రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, జాతీయ రహదారీ తెగింది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకు చెన్నై విమానాశ్రయమే మూతపడింది. ఆ నెలల్లో ప్రయాణం తప్పకపోతే ఒక రోజు ముందే చెన్నై చేరి బస చేయాలి.

రెండో అడుగు: పాస్‌పోర్టు, అందులో పేరు

పాస్‌పోర్టు లేకపోయినా, గడువు ఏడాదిలోపు ముగుస్తున్నా ఇక్కడే మొదలుపెట్టాలి. 36 పేజీల పుస్తకానికి 1,500 రూపాయలు, తత్కాల్ అయితే అదనంగా మరో 2,000. దరఖాస్తు ఆన్‌లైన్‌లో నింపి, దగ్గరలోని పాస్‌పోర్టు సేవా కేంద్రానికి అసలు కాగితాలతో వెళ్లాలి. తర్వాత పోలీసు విచారణకు స్టేషన్ నుంచి మనిషి వస్తారు. ఆ రోజు అమ్మానాన్నలు ఆ ఇంట్లోనే ఉండాలి.

అసలు చిక్కు పేర్లలో ఉంది. మన పెద్దవాళ్లకు కాగితానికో పేరు. ఆధార్‌లో "కె. పెంచలయ్య", భూమి పాసుపుస్తకంలో ఉత్త "పెంచలయ్య", సర్వీసు రికార్డులో పూర్తి ఇంటిపేరుతో "పెంచల నరసయ్య". అమ్మకైతే ఒకచోట పుట్టింటి ఇంటిపేరు, మరోచోట అత్తింటిది. పుట్టిన తేదీ బడిలో అయ్యవారు వేసిందే, అది చాలామందికి జూన్ ఒకటో జులై ఒకటో అయి ఉంటుంది. పాస్‌పోర్టుకు వెళ్లకముందే ఆధార్ సరిచేయించి, పూర్తి ఇంటిపేరు అందులోకి ఎక్కించండి. పొట్టి అక్షరాలు వదిలేసి పూర్తిగా రాయించుకుంటే తర్వాత వీసా, టికెట్టు, బీమా అన్నీ ఒకే పేరుతో నడుస్తాయి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసా ఫారంలో ఉన్న ఒక్క పేరునూ ఇంటిపేరు గడిలో వేసి, అసలు పేరు ఉండాల్సిన చోట "ఎఫ్‌ఎన్‌యూ" (మొదటి పేరు తెలియదు అని) రాయాల్సి వస్తుంది. వీసా మీదా అలాగే వస్తుంది. రమణయ్య గారిని అక్కడ ఆసుపత్రిలో "ఎఫ్‌ఎన్‌యూ" అని పిలిస్తే ఆయన లేచి వెళ్లరు.

మూడో అడుగు: డీఎస్-160

వీసా దరఖాస్తు ఫారం ఇదే. ఒక్కొక్కరికి 185 డాలర్లు, వీసా వచ్చినా రాకపోయినా వెనక్కి రాదు. ఇద్దరికీ వేర్వేరు ఫారాలు నింపి, అపాయింట్‌మెంటు మాత్రం ఒకే కుటుంబంగా తీసుకోండి. ఫారం తెరిచిన వెంటనే కనిపించే దరఖాస్తు సంఖ్యను రాసి పెట్టుకోవాలి. కాసేపు కదలకుండా వదిలేస్తే వెబ్‌సైటు బయటికి తోసేస్తుంది, ఆ సంఖ్య లేకుంటే మళ్లీ మొదటికి.

ఈ ఫారం ఏజెంటుకు అప్పగించకండి. పిల్లలే వీడియో కాల్ పెట్టుకుని అమ్మను, నాన్నను పక్కన కూర్చోబెట్టి అడిగి నింపాలి. గత ఐదేళ్లలో చూసిన దేశాలు, వాడిన సోషల్ మీడియా ఖాతాలు, గతంలో వీసా తిరస్కరణ ఏదైనా ఉంటే అది, అన్నీ ఉన్నవి ఉన్నట్టు రాయాలి. ఇంటర్వ్యూలో అధికారి ముందు ఉండేది ఆ ఫారమే. అందులో ఏముందో అమ్మానాన్నలకు తెలియకపోతే జవాబులు ఫారానికి ఎదురు తిరుగుతాయి. ఫోటో రెండు అంగుళాల చదరం, తెల్లటి వెనుకభాగం, కళ్లద్దాలు తీసేసి.

వేలిముద్రలకు, ఫోటోకు ఒక రోజు, కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకు మరో రోజు. నెల్లూరు, కావలి, గూడూరు వారికి చెన్నై దగ్గర. నెల్లూరులో రైలెక్కితే దాదాపు మూడు గంటలు. ఒంగోలు వారికి చెన్నై, హైదరాబాద్ దాదాపు సమదూరం. మార్కాపురం, గిద్దలూరు వైపు వారు హైదరాబాద్ వెళ్లడమే నయం, పైగా అక్కడ ఇంటర్వ్యూ తెలుగులో ఇవ్వవచ్చు. అపాయింట్‌మెంటు ఎక్కడ త్వరగా దొరికితే అక్కడికే పోదాం అనుకుంటారు గానీ, డెబ్బై ఏళ్ల మనిషిని ముంబయి దాకా తిప్పడం నాకు సమ్మతం కాదు.

నాలుగో అడుగు: ఇంటర్వ్యూ

నిలబడి మాట్లాడే రెండు మూడు నిమిషాలకు ఇంట్లో నెల రోజులు గుండెదడ. అడిగేవి మామూలు ప్రశ్నలే: ఎందుకు వెళ్తున్నారు, ఎవరి దగ్గరికి, అబ్బాయి ఏం చేస్తాడు, ఎన్నాళ్లు ఉంటారు, ఖర్చు ఎవరిది, మిగతా పిల్లలు ఎక్కడ ఉన్నారు. వచ్చినవారు అక్కడే ఉండిపోతారని ముందే అనుకుని, కాదని నిరూపించే బరువు దరఖాస్తుదారు మీద పెట్టడం అమెరికా చట్టం పద్ధతి. కాబట్టి ఇక్కడ ఏముంది, ఎందుకు తిరిగొస్తారు అన్నది మాటల్లో సహజంగా రావాలి. "పదెకరాల మాగాణి ఉంది, అక్టోబరులో నారు పోయాలి" అన్న ఒక్క వాక్యం ఆస్తి విలువ ధ్రువపత్రాల కట్టకంటే బాగా పనిచేస్తుంది. ఆ కట్టను చాలాసార్లు అసలు అడగరు. అయినా తీసుకెళ్లండి, చేతిలో ఉంటే పెద్దవాళ్లకు ధైర్యం.

ఫోను లోపలికి తీసుకెళ్లనివ్వరు. ఇద్దరూ ఒకే కిటికీ దగ్గర నిలబడతారు కాబట్టి, ప్రశ్న ఎవరిని అడిగితే వారే చెప్పాలని ముందే అనుకోండి. నాన్నను అడిగితే అమ్మ, అమ్మను అడిగితే నాన్న అందుకోవడం మన ఇళ్లలో మామూలే, అక్కడ మాత్రం ఆగాలి. జవాబులు బట్టీ పట్టించకండి. కూతురి పురుటికి వెళ్తుంటే ఆ మాటే చెప్పాలి: అమ్మాయిని, పుట్టబోయే బిడ్డను చూడటానికి వెళ్తున్నామని. దాచిన మాట ఒకటి బయటపడితే తర్వాత ఏది చెప్పినా నమ్మరు.

వీసా వస్తే భారతీయులకు సాధారణంగా పదేళ్లకు ఇస్తారు. పదేళ్లు అంటే ఎన్నిసార్లైనా తలుపు తట్టవచ్చునని మాత్రమే. ఒక్కోసారి ఎంతకాలం ఉండాలో దిగిన చోట అధికారి నిర్ణయిస్తారు.

ఐదో అడుగు: టికెట్టు

చెన్నై నుంచి అమెరికాకు నేరుగా విమానం లేదు. దోహా, దుబాయ్, అబుధాబి, ఫ్రాంక్‌ఫర్ట్, లండన్ లాంటి చోట ఒకసారి మారాలి. పిల్లలు ఉండే నగరానికి ఆ ఒక్క మార్పుతో చేరే టికెట్టే కొనాలి, నాలుగు వేలు తక్కువని రెండు మార్పులది కొనకూడదు. అమెరికాలో మరో విమానం మారాల్సి వస్తే మొదట దిగిన చోటే సామాను తీసుకుని మళ్లీ అప్పగించాలి, పెద్దవాళ్లకు అది పెద్ద పని. మధ్యలో మూడు, నాలుగు గంటల విరామం ఉండేలా చూడండి. అబుధాబి మీదుగా వస్తే అమెరికా ఇమిగ్రేషన్ తనిఖీ అక్కడే అయిపోతుంది, దిగాక వరుసలో నిలబడే పని ఉండదు.

చక్రాల కుర్చీ సాయం టికెట్టుతోపాటే అడగాలి, ఆలస్యమైతే కనీసం రెండు రోజుల ముందు. "నాకేం కాళ్లు లేవా" అని నాన్నలు ఒప్పుకోరు. అది కాళ్ల కోసం కాదు, దారి కోసమని చెప్పండి. తోసేవాళ్లు గేటు దాకా, ఇమిగ్రేషన్ దాకా తీసుకెళ్తారు, భాష రాకపోయినా పని జరిగిపోతుంది. నడవగలిగిన వాళ్లు కుర్చీ అడిగితే నిజంగా అవసరమున్న వాళ్లకు దొరకదన్న వాదన నాకూ తెలుసు. దోహాలో ఒక చివరి నుంచి ఇంకో చివరికి నడిచి చూసినవారు ఆ వాదన చేయరు.

ఆరో అడుగు: పెట్టెలు సర్దడం

అమెరికా దారిలో చాలా విమాన సంస్థలు మనిషికి 23 కిలోల చొప్పున రెండు పెట్టెలు ఇస్తాయి, టికెట్టు మీద చూసి నిర్ధారించుకోండి. వేలాడదీసి తూచే చిన్న త్రాసు ఒకటి కొనండి. పెట్టెకు 22 కిలోల దగ్గరే ఆపాలి.

ఏది పట్టుకెళ్లాలన్నది మన జిల్లాల్లో ఒక యుద్ధం. బియ్యం మాత్రం ససేమిరా వద్దు. నెల్లూరు మొలగొలుకులు తినిపించాలని పది కిలోల సంచి కట్టే అమ్మలున్నారు. నిల్వ ధాన్యాన్ని తినేసే ఖప్రా అనే పురుగు భయంతో, అది ఉన్న దేశాల నుంచి ప్రయాణికులు బియ్యం, శనగల లాంటివి తేవడాన్ని అమెరికా నిషేధించింది. ఆ దేశాల్లో మనదీ ఉంది. పచ్చి కరివేపాకు కూడా కుదరదు, నిమ్మజాతి చెట్ల తెగులు దాంతో వస్తుందని. పండ్లు, కాయగూరలు, మొక్కలు, విత్తనాలు అన్నీ అంతే. కోడి, మేక మాంసం పచ్చళ్లు పట్టుకుంటే చెత్తబుట్టలో పడేస్తారు. రొయ్యల పచ్చడి, ఎండు చేపలు ఆ మాంసం నిషేధంలోకి రావు గానీ, వాటినీ చెప్పి తీసుకెళ్లాలి. దిగాక అధికారి తిండి వస్తువులు ఉన్నాయా అని అడిగితే "ఉన్నాయి, పచ్చళ్లు, పొడులు, స్వీట్లు" అని చెప్పేయడమే మార్గం. చెప్పిన వస్తువు మహా అయితే తీసేసుకుంటారు, చెప్పకుండా దొరికితే తొలిసారికే 300 డాలర్ల జరిమానా పడవచ్చు.

ఆవకాయను సీసాలో పెట్టకండి. పైకి తేలిన నూనె వేరే గిన్నెలోకి వంచేసి, ముక్కలను మందమైన పాకెట్లో అరకిలో చొప్పున నొక్కి, గాలి తీసి అంటించాలి. ఆ పాకెట్టును ఇంకో పాకెట్లో, దాన్ని పాత తువ్వాలులో చుట్టి, పెట్టె మధ్యలో చీరల నడుమ కాక ప్యాంట్ల నడుమ పెట్టాలి. పచ్చళ్లమ్మే కొట్టువాళ్లను అడిగితే గాలి తీసి ప్యాక్ చేసిస్తారు. పచ్చడి చేతి సంచిలో పెడితే భద్రతా తనిఖీలో ద్రవపదార్థం కింద లెక్కగట్టి తీసేస్తారు. ఎండుకొబ్బరి చిప్పలు చెక్-ఇన్ పెట్టెలో వేయకూడదు. నూనె ఎక్కువ, మంట అంటుకునే గుణం ఉందని ఒప్పుకోరు. కొబ్బరి కారం కొట్టి పొడిగా పట్టుకెళ్లండి. పవర్ బ్యాంకులు మాత్రం చేతి సంచిలోనే.

మలై కాజా రుచి నాలుగు రోజులు నిలవదు, చెన్నై దారిలోనే తినేయాలి. పంచిపెట్టడానికి ఏమైనా కావాలంటే ఉదయగిరి చెక్క గరిటెలు, చెంచాలు చూడండి. తేలిక, పగలవు, అక్కడి నాన్‌స్టిక్ పెనాలను గీకవు.

బంగారం సంగతి. అమ్మ ఒంటి మీద గొలుసు, గాజులు ఎక్కువే ఉంటే, వెళ్లేటప్పుడే విమానాశ్రయ కస్టమ్స్ దగ్గర ఎగుమతి ధ్రువపత్రం తీసుకోవాలి. తిరిగి వచ్చేటప్పుడు ఇవి అక్కడ కొన్నవి కావని చూపడానికి అదే ఆధారం. ఇంకా మంచి దారి ఉంది: మంగళసూత్రం, రెండు గాజులు వేసుకుని మిగతావి లాకర్‌లో పెట్టడం.

ఏడో అడుగు: మందులు, బీమా

బీపీ, షుగరు మాత్రలు ఉండే రోజులకు సరిపడా, పైన రెండు వారాలవి, స్ట్రిప్పుల్లోనే తీసుకెళ్లాలి. డబ్బాల్లో కలిపి పోయకండి. డాక్టరు చీటీలో కంపెనీ పేరు పక్కన మందు అసలు పేరు కూడా రాయించుకోండి, నెల్లూరులో దొరికే పేరు డల్లాస్‌లో ఎవరికీ తెలియదు. తొంభై రోజులకు మించి సరఫరా తీసుకెళ్తే ప్రశ్నలు రావచ్చు. మూడు నెలలు చాలని నేననడానికి ఇది కూడా ఒక కారణం. ఇన్సులిన్ చేతి సంచిలోనే పెట్టాలి, కింద సామాను అరలో గడ్డకట్టి పాడవుతుంది. సమయం తొమ్మిదిన్నర గంటలో అంతకు మించో తేడా వస్తుంది కాబట్టి, ప్రయాణం రోజు ఏ మోతాదు ఎప్పుడో డాక్టరు చేతనే కాగితం మీద రాయించండి. బయలుదేరే ముందు పంటి నొప్పి, కళ్ల పరీక్ష ముగించాలి. అక్కడ పన్ను పీకించుకునే ఖర్చుతో ఇక్కడ పన్నులన్నీ బాగుచేయించుకోవచ్చు.

బీమా లేకుండా విమానం ఎక్కించకండి. పాలసీ రెండు రకాలు. ఒక్కో చికిత్సకు ఇంత అని నిర్ణీత మొత్తం ఇచ్చేది చవక, అక్కడి బిల్లుల ముందు అది ఏ మూలకూ రాదు. మొత్తం బిల్లులో అధికభాగం భరించే సమగ్ర పాలసీయే తీసుకోండి. పాత జబ్బులకు ఇవి మామూలుగా చెల్లించవు. పాత జబ్బు హఠాత్తుగా ముదిరితే మాత్రం పరిమితి మేరకు ఇస్తామనే నిబంధన ఉంటుంది, అది ఏ వయసు దాకా వర్తిస్తుందో చదవండి. జ్వరం, కాలు బెణికినా అర్జెంట్ కేర్ క్లినిక్కుకు వెళ్లాలి. ఆసుపత్రి ఎమర్జెన్సీ విభాగం గుండెపోటు, పక్షవాతం లాంటి వాటికే. ఈ తేడా ఇంట్లో అందరికీ తెలియాలి. అక్కడి అత్యవసర నంబరు 911కు ఫోను ఎలా చేయాలో, ఇంటి చిరునామా ఇంగ్లీషులో ఎలా చెప్పాలో అట్ట మీద రాసి ఫ్రిజ్‌కు అంటించండి.

ఎనిమిదో అడుగు: ఇక్కడి ఇల్లు

పెద్దవాళ్ల మనసు సగం ఇక్కడే ఉంటుంది కాబట్టి ఈ పని బాగా జరగాలి. పాలు, పేపరు ఆపించడం, గ్యాసు సిలిండరు కట్టేయడం, పాలేరుకో తమ్ముడికో పొలం అప్పగించడం వాళ్లకు మనం చెప్పనక్కర్లేదు. చెప్పాల్సినవి వేరే. పెన్షనర్లయితే జీవిత ధ్రువపత్రం ఇచ్చే నెలలు ప్రయాణంలో పడతాయేమో ట్రెజరీలోనో బ్యాంకులోనో కనుక్కోవాలి. ఇక్కడి సిమ్ కార్డుకు ఉండే రోజులన్నిటికీ వాలిడిటీ వేయించి, రోమింగ్ ఆన్ చేయించాలి. బ్యాంకు ఓటీపీ దానికే వస్తుంది. ఆంధ్రప్రదేశ్ పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ పేరిట తాళం వేసిన ఇళ్లపై నిఘా పెట్టే ఏర్పాటు ఉంది, మీ స్టేషన్‌లో ముందే అడగండి. తాళాలు ఒక జత పక్కింటి వాళ్ల దగ్గర, ఒక జత మేనత్త దగ్గర ఉంచండి.

తొమ్మిదో అడుగు: అక్కడి రోజులు

దిగిన చోట అధికారి అడిగేవి కాన్సులేట్ ప్రశ్నలే. తిరుగు టికెట్టు కాగితం, పిల్లల చిరునామా, ఫోను నంబరు చేతిలో ఉంటే చాలు. ఇల్లు చేరిన రెండో రోజే ఐ-94 (దేశంలోకి వచ్చినట్టు, ఎప్పటిదాకా ఉండవచ్చో చూపే రికార్డు) వెబ్‌సైటులో గడువు తేదీ చూసి, ముద్రించి దాచండి. ఆ తేదీ దాటి ఒక్క రోజు ఉన్నా వీసా రద్దయినట్టే. 180 రోజులు దాటి ఉండి వెళ్లిపోతే మూడేళ్లు, ఏడాదీ అంతకు మించీ అయితే పదేళ్లు మళ్లీ అడుగు పెట్టనివ్వరు.

మొదటి వారం వాళ్లకు వంటిల్లు నేర్పండి. గాజు పలక పొయ్యి, మంట కనిపించదు కానీ చెయ్యి కాలుతుంది. తిరగమోత వేసేముందు పైన ఫ్యాను తిప్పి, కిటికీ తెరవాలి, లేదంటే పొగ గంట ఇల్లెగిరేలా మోగుతుంది. ఎండుమిర్చి మాడిన వాసనకు గంట మోగి అమ్మ గరిటె పట్టుకుని వాకిట్లోకి పరిగెత్తడం చాలా తెలుగు ఇళ్లలో జరిగేదే. వేడినీళ్ల కొళాయి, బయటి తలుపు తాళం, చెత్తబండి వచ్చే రోజు, ఇవీ చూపించాలి. చింతపండు పులుసుకు అక్కడ క్యాట్‌ఫిష్ ముక్క సరిగ్గా ఆగుతుంది, టిలాపియా చిదిరిపోతుంది. వండిన రాత్రి కాక మర్నాడు పొద్దున తినే పద్ధతి మాత్రం ఖండాంతరాలు దాటినా మారనక్కర్లేదు.

తర్వాత వాళ్లంతట వాళ్లు వెళ్లగలిగే చోట్లు మూడైనా ఉండాలి: నడక దారి, గ్రంథాలయం, నడిచి చేరే కొట్టు. కారు లేకపోతే కదలలేని ఊళ్లు కాబట్టి, అదే వీధిలో ఇంకో తెలుగు కుటుంబం పెద్దవాళ్లతో పరిచయం చేయించండి. సాయంత్రం పూట ఇద్దరు నాన్నలు ఒక బల్ల మీద కూర్చుని సోమశిల నీళ్ల గురించి మాట్లాడుకుంటే ఆ రోజు గడిచిపోయినట్టే. నయాగరా, వైట్‌హౌస్ యాత్రలు ఒకటి రెండు చాలు. మనవడిని చూసుకోవడం ముచ్చటే గానీ, రోజంతా వాళ్ల మీదే వదిలేసి ఇద్దరూ ఆఫీసుకు పోవడం తగదు. వారంలో రెండు రోజులు వాళ్లకు ఏ పనీ చెప్పకండి.

పదో అడుగు: తిరుగు ప్రయాణం

టికెట్టు తేదీని గడువుకు కనీసం రెండు వారాల ముందు పెట్టుకుంటే ఒళ్లు బాగాలేక వాయిదా పడినా ఇబ్బంది ఉండదు. మిగిలిన బీమా నెలలు ఉంటే కొన్ని సంస్థలు డబ్బు వెనక్కిస్తాయి, అడగండి. గల్ఫ్ విమానాలు చాలావరకు తెల్లవారుజామున చెన్నైలో దిగుతాయి. రాత్రంతా కూర్చుని వచ్చిన మనుషులను అప్పటికప్పుడు కారెక్కించి తడ మీదుగా నెల్లూరుకు తోలకండి. నిద్రమత్తులో ఉండే డ్రైవరు కూడా అదే రాత్రి ఊరి నుంచి వచ్చినవాడే. చెన్నైలో గది తీసుకుని మధ్యాహ్నం దాకా పడుకుని, రెండున్నర ప్రాంతంలో బయలుదేరితే దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరతారు. వచ్చాక వారం దాకా అర్ధరాత్రి మెలకువ వస్తుంది. పగలు ఎండలో నడిపించండి, నిద్రమాత్ర డాక్టరును అడగకుండా వేయకండి. పాస్‌పోర్టు, వీసా పేజీల ఫోటోలు తీసి మీ దగ్గర పెట్టుకుని, పుస్తకాలు వాళ్ల బీరువాలోనే ఉంచండి.